పెళ్ళికి నెల ముందు పుట్టిన పిల్ల

నర్సులకు ఓపిక ఎక్కువని లోకం అనుకుంటుంది. నిజమే, కాని ఆ ఓపికంతా వార్డులో రోగుల దగ్గరే ఖర్చయిపోతుంది. ఇంటికి చేరేసరికి నా దగ్గర చిటికెడు కూడా మిగిలేది కాదు. అలాంటి నన్ను దేవుడు తీసుకెళ్ళి కాగితాల పనిలో పడేశాడు. బొంబాయి నుంచి ఇంగ్లండుకు పద్దెనిమిది రోజులు ఓడలో వెళ్ళాను. ఆ ప్రయాణం గురించి చెప్పమంటే రెండు ముక్కల్లో తేల్చేస్తాను: మూడు రోజులు వాంతులు, మిగతా రోజులు తిండి. ఆ ఓడ ఎక్కడానికి పోగేసిన కాగితాల గురించి అడిగితే మాత్రం తీరిగ్గా కూర్చోవాలి.

అప్పుడు మేము బన్సీలాల్‌పేట్‌లో ఉండేవాళ్ళం. అమ్మ, నాన్న, నేను. మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో నా పని చూసి మా మేట్రన్ నాకు ఇంగ్లండులో పైచదువుకు సీటు ఇప్పించింది. ఓడ ఖర్చు, హాస్టలు ఖర్చు అన్నీ మిషన్‌వే. షరతు ఒక్కటే, క్లాసులు మొదలయ్యే నాటికి నేను అక్కడ ఉండాలి. లేకపోతే ఆ సీటు మద్రాసులో నా వెనక వరుసలో ఉన్న ఇంకో నర్సుకు పోతుంది. మళ్ళీ పిలుస్తారన్న ఆశ లేదు. నాకు హుస్సేన్ సాగర్ కంటే పెద్ద నీళ్ళు తెలియవు. ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచి తలలో ఓడ తప్ప ఇంకోటి లేదు.

పాస్‌పోర్టు కోసం మొదటి అర్జీ నిజాం సర్కారుకే పెట్టాను. క్లాసులకు ఇంకా ఏడాది పైనే టైముంది కనుక ధీమాగా ఉన్నాను. స్కూలు సర్టిఫికెట్ నకలు ఒక్కటి చాలన్నారు, తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, నెల తర్వాత రమ్మన్నారు. ఆ నెల గడవక ముందే ఊరంతా పుకార్లు, తలుపులు వేసుకున్న దుకాణాలు, ఆ తర్వాత పోలీసు చర్య. ఐదు రోజుల్లో సర్కారే మారిపోయింది. తిరుమలగిరి వైపు మిలిటరీ లారీలు బారులు తీరాయి. మా వార్డులో మాత్రం కాన్పులు ఆగలేదు. పిల్లలు సర్కారును చూసుకుని పుట్టరు కదా.

ఆ రోజులు అందరికీ ఒకేలా గడవలేదు, అది చెప్పకుండా దాటేస్తే తప్పవుతుంది. మా వెనక వీధిలో అర్జీలు రాసే చాచా ఒకాయన ఉండేవాడు. కోర్టు వరండాలో చిన్న బల్ల, మూడు కలాలు పెట్టుకుని ఊరందరి కష్టాలూ ఉర్దూలో, ఇంగ్లీషులో రాసిపెట్టేవాడు. మా నాన్నకు ప్రాణస్నేహితుడు. జిల్లాలో ఉన్న ఆయన తమ్ముడి దగ్గరి నుంచి రెండు నెలలు ఉత్తరం రాలేదు. చాచా రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, మాట లేకుండా చాయ్ తాగి లేచి వెళ్ళేవాడు. తమ్ముడు క్షేమంగా ఉన్నాడని కార్డు వచ్చిన రోజు మా అమ్మ సేమియా పాయసం చేసి గిన్నెతో పంపింది. ఆ రోజు నుంచి మళ్ళీ ఆయన నోరు తెరుచుకుంది, మాకు చెవులు మూసుకోవాల్సి వచ్చింది.

ఊరు కాస్త కుదుటపడ్డాక రసీదు పట్టుకుని ఆఫీసుకు వెళ్తే, కొత్త గుమాస్తా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. అది పాత సర్కారుకు పెట్టుకున్న అర్జీ అట. ఆ కట్టలు ఎక్కడికి పోయాయో తెలియదట. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలట. అంతటితో అయిందా, లేదు. మా నాన్న గుంటూరు నుంచి వచ్చినవాడు, అంటే మద్రాసు రాష్ట్రం మనిషి. నేను పుట్టింది ఇక్కడ. అందుకని నేను ఏ దేశపు మనిషినో తేల్చడానికి చర్చి నుంచి నా బాప్తిస్మం కాగితం, అమ్మానాన్నల పెళ్ళి కాగితం కూడా కావాలన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకున్నాను. రోకలి ఇంకా లేవనే లేదని అప్పుడు నాకు తెలియదు.

సరే, షురూ చేశాను. ముందు ఫొటో. స్టూడియో ఆయన నన్ను పూలకుండీ పక్కన నిలబెట్టి, తల వాల్చి, చేతిలో కాగితపు గులాబీ పెట్టి తీశాడు. పెళ్ళి సంబంధాలకైతే బ్రహ్మాండంగా పనికొచ్చేది. ఆఫీసులో ముఖం ఒక్కటే కావాలి, గులాబీ వద్దన్నారు. తర్వాత మశూచి టీకా కాగితం. వార్డులో వందల మందికి టీకాలు వేసిన దాన్ని, నా టీకా మచ్చ నేనే చూపించుకుంటూ హెల్త్ ఆఫీసు బయట మూడు రోజులు నిలబడ్డాను. నాలుగో రోజు లోపల ఉన్న కాంపౌండరుకు జ్వరం వస్తే నేనే చూసి మందు చెప్పాను. అప్పుడు ముద్ర పడింది.

ఈ కాగితాలన్నింటికీ అమ్మ ఒక గుడ్డ సంచి కుట్టి, మెడలో వేసుకోవడానికి పట్టీ పెట్టింది. అమ్మకు చదువు రాదు. అయినా ప్రతి రాత్రి ప్రార్థన అయ్యాక ఆ సంచిని తలగడ కింద పెట్టుకునేది.

వింతేమిటంటే, ఈ హడావిడి అంతటిలో నాన్న ఎక్కడా కనపడలేదు. కాగితమంటే చాలు ఎగిరి పడే మనిషి ఆయన. నిజాం సర్కారు రికార్డుల ఆఫీసులో జీవితమంతా గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తారీఖుల్లో ఆయన్ను మించినవాడు సికిందరాబాదులో లేడు. మాకు అప్పట్లో రెండు లెక్కలు ఉండేవి. చర్చిలో, కంటోన్మెంటులో ఇంగ్లీషు తేదీ. సర్కారు కచేరీల్లో, బడుల్లో ఫసలీ తేదీ. ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలవుతుంది. అందుకని ఇంగ్లీషు సంవత్సరాన్ని ఫసలీలోకి మార్చాలంటే అక్టోబరు దాటితే ఐదువందల తొంభై తీసెయ్యాలి, దాటకపోతే ఐదువందల తొంభై ఒకటి. ఎక్కాల కంటే ముందు నాన్న నాకు నేర్పింది ఇదే. ఊళ్ళో పెన్షను కాగితాలున్న ప్రతివాడూ మా అరుగు ఎక్కేవాడు. నాన్న కళ్ళు మూసుకుని రెండు క్షణాల్లో తేదీ చెప్పేవాడు. గుంటూరు మనిషి మా లెక్క మాకే నేర్పిస్తుండని చాచా ఎగతాళి చేస్తే, నాన్న మీసం కింద నవ్వుకునేవాడు.

అలాంటివాడు నా పాస్‌పోర్టు ఫారం తెచ్చి బల్ల మీద పెడితే, చెట్లకు నీళ్ళు పొయ్యాలని పెరట్లోకి వెళ్ళిపోయాడు. వాన పడుతోంది అప్పుడు. నన్ను పంపడం ఇష్టం లేదేమోనని నాకు లోలోపల గుచ్చుకుంది. సరేలే అని స్కూలు సర్టిఫికెట్‌లో ఉన్న ఫసలీ తేదీని నేనే ఇంగ్లీషులోకి మార్చి ఫారం నింపాను. నేను పుట్టింది బహమన్ నెల, అంటే డిసెంబరు. ఐదువందల తొంభై కలపాలి. కలిపాను. మా ఇంట్లో పుట్టినరోజంటే క్రిస్మస్ ముందు ఆదివారం చర్చిలో కానుక వెయ్యడమే. ఎన్నో ఏడని అడిగేవాళ్ళు లేరు. స్కూలు కాగితంలో ఉన్నదే నా వయసని నేను అనుకున్నాను. పాస్టరుగారు చర్చి కాగితాలు రెండూ కవరులో పెట్టి అంటించి ఇచ్చారు. కవరు విప్పకుండా తీసుకెళ్ళి ఇచ్చేశాను.

పది రోజుల తర్వాత ఆఫీసరు పిలిచాడు. కళ్ళద్దాల కుర్రాయన, రాజమండ్రి వైపు మాట. మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. ఒకటి చూశాడు, రెండోది చూశాడు, పెదవి కొరుక్కున్నాడు.

“ఏమ్మా, మీ అమ్మానాన్నల పెళ్ళికి నువ్వు కూడా వెళ్ళావా?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కాగితాలు నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. పెళ్ళి జనవరిలో. స్కూలు సర్టిఫికెట్ ప్రకారం నేను పుట్టింది దానికి ముందటి డిసెంబరులో, అంటే పెళ్ళికి నెల ముందు. బాప్తిస్మం కాగితం ప్రకారం పెళ్ళైన తర్వాతి డిసెంబరులో. ఒక మనిషి రెండుసార్లు పుట్టే వీలు లేదు కనుక, ఏది నిజమో తేల్చుకుని రమ్మన్నాడు. ఓడకు ఐదు వారాలుంది.  సంచి మెడలో వేసుకుని రిక్షా కూడా పిలవకుండా నడిచి ఇంటికి వచ్చాను.

అమ్మ అన్నం వారుస్తోంది. చెప్పాను. గంజి గిన్నె అలాగే దించేసి నా వైపు చూసింది. పెళ్ళైన పదకొండో నెలలో కన్నానని, కావాలంటే మంత్రసానిని పిలుచుకు రమ్మని, ఇన్నేళ్ళు చర్చిలో ముందు చాప మీద తలెత్తుకుని కూర్చున్నానని, ఇప్పుడు ఎవడో కళ్ళద్దాలవాడు తన మీద మాట వేస్తాడా అని మొదలుపెట్టింది. ఆఫీసరు పాపం ఏమీ అనలేదమ్మా, తప్పు స్కూలు కాగితంలో ఉందన్నాను. స్కూలు కాగితం రాయించింది ఎవరని అడిగింది. నాన్న అన్నాను. అమ్మ నాన్నను ‘నువ్వు’ అనడం నా జన్మలో అప్పుడే మొదటిసారి విన్నాను.

“అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరి తారీఖులు చెప్తవు, కన్నబిడ్డ తారీఖు గిట్ల రాస్తవా?”

నాన్న పడక కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

సాయంత్రం చాచా వచ్చాడు. విషయం విని పొట్ట పట్టుకుని నవ్వాడు. డిసెంబరుకు తొంభై తీసే బదులు తొంభై ఒకటి తీసేశాడు, కొత్తగా కచేరీలో చేరిన పిల్లగాడు చేసే తప్పు ఇది, మన ఉస్తాదు చేసిండు అని. నవ్వయ్యాక పని మాట చెప్పాడు. పరేషాన్ కావాల్సిన పనేమీ లేదట. నాన్న మేజిస్ట్రేటు దగ్గరికి వచ్చి, బడిలో చేర్చేటప్పుడు పొరపాటున తేదీ తప్పు రాయించానని మా వేదపుస్తకం బైబిలు మీద ప్రమాణం చేస్తే చాలట. కాగితం తానే రాసిపెడతానని, పొద్దున పది గంటలకు కోర్టుకు రమ్మని అన్నాడు.

నాన్న తల అడ్డంగా ఊపాడు. “నేను ఆ ప్రమాణం చెయ్యనండి” అన్నాడు.

చాచా బతిమాలాడు. అమ్మ కూర మాడ్చింది. మూడు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యలో పెన్షనుదారు ఒకాయన తేదీ కోసం వస్తే, నాన్న ఒంట్లో బాగాలేదని పంపేశాడు. నాకు తెలిసిపోయింది అనుకున్నాను. తారీఖుల పండితుడన్న పేరు పోతుందని ఈయన బెంగ. కోర్టులో పొరపాటు ఒప్పుకుంటే రేపు అరుగు ఎక్కేవాడు ఉండడని భయం. నాలుగో రోజు నా ఓపిక చిల్లరతో సహా అయిపోయింది. వార్డు నుంచి రాగానే టోపీ తీసి బల్ల మీద కొట్టి, మీ పేరు కోసం నా ఓడ ముంచేస్తారా అని అడిగేశాను. నన్ను పంపడం ఇష్టం లేకపోతే ఆ మాట ముఖం మీద చెప్పాలి గాని, ఇలా కాగితం చాటున దాక్కోవడం ఏమిటన్నాను. కన్నతండ్రితో అలా మాట్లాడినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. నాన్న లేచి వెళ్ళి పెట్టె తెరిచి, రిటైరైన రోజు వేసుకున్న కోటు బయటికి తీసి ఎండలో వేశాడు.

మర్నాడు పది గంటలకు కోర్టులో ఉన్నాం. కోటుకు కర్పూరం వాసన. చాచా కాగితం సిద్ధం చేశాడు. మేజిస్ట్రేటు నడివయసు మనిషి, కొత్త సర్కారు వేసినవాడు, తెలుగువాడే. కాగితం చదివి, వేదపుస్తకం ముందుకు జరిపాడు. నాన్న దాని మీద చెయ్యి పెట్టలేదు.

“అయ్యా, ఇందులో పొరపాటున అని ఉంది. అది పొరపాటు కాదండి. తెలిసే రాయించాను” అన్నాడు.

చాచా చేతిలోంచి కలం జారి కింద పడింది.  ఓడ అయిపోయింది, నాన్నను జైల్లో వెయ్యకపోతే అదే చాలు అనుకున్నాను. మేజిస్ట్రేటు కళ్ళు పైకెత్తి ఎందుకని అడిగాడు.

నాన్న నెమ్మదిగా చెప్పాడు. బడిలో చేర్చాలంటే ఐదేళ్ళు నిండాలట. నాకు నాలుగున్నర. మా వీధి పిల్లను చేర్చడానికి వాళ్ళ నాన్నకు తోడుగా బడికి వెళ్తే, నేను నాన్న చెయ్యి వదిలించుకుని పోయి ముందు బెంచీ మీద కూర్చున్నానట. పక్కపిల్ల పలక లాక్కుని గీతలు గీశానట. ఇంటికి పోదాం రమ్మంటే రెండు చేతులతో బెంచీని పట్టుకుని లేవలేదట. పంతులమ్మ వచ్చే ఏడు తీసుకురమ్మంది. ఫారం ఉర్దూలో ఉంది, తేదీ ఫసలీలో రాయాలి, రాసేది నాన్నే. తొంభై తీయాల్సిన చోట తొంభై ఒకటి తీశాడు. ఎవరైనా పట్టుకుంటే లెక్క తప్పానని చెప్పొచ్చు, ఎవరైనా నమ్మే తప్పు అదొక్కటే. ఎవరూ పట్టుకోలేదు. ఈ ఆఫీసు వాళ్ళు చర్చి కాగితాలు అడిగేదాకా.

“నా చేత్తో నేను రాసిన అబద్ధం అదొక్కటేనండి. ఏడాది ఆగమ్మా అని దానికి చెప్పలేకపోయాను. ఇప్పుడూ చెప్పలేను” అన్నాడు.

ఆ గదిలో నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏమీ లేదు, ముక్కు చీదుకుంటూ మరీ ఏడ్చాను. మూడు రోజులు ఆయన్ను ఎన్ని అనుకున్నాను! పేరు కోసం కాదు, పుస్తకం మీద చెయ్యి పెట్టి అబద్ధాన్ని పొరపాటు అనలేక నోరు మూసుకున్నాడు. నిజం చెబితే నా ఓడ ఆగిపోతుందేమోనని భయపడ్డాడు. రెండింటి మధ్య నలిగిపోతూ కూర్చున్నాడు. నేనేమో టోపీ బల్ల మీద కొట్టాను.

మేజిస్ట్రేటు కాగితాన్ని చాచా వైపు తోసి, ‘పొరపాటున’ అన్న మాట కొట్టెయ్యమన్నాడు. బడిలో రాసిన తేదీ సరైనది కాదు, సరైన తేదీ ఇది, ఈ కాగితానికి అంతకంటే అక్కర్లేదన్నాడు. చాచా కింద పడ్డ కలం వెతుక్కుని, ఆ మాట మీద అడ్డంగా గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టించాడు. అప్పుడు నాన్న వేదపుస్తకం మీద చెయ్యి పెట్టాడు. మేజిస్ట్రేటు ముద్ర వేస్తూ నన్ను చూసి, బెంచీ ఇంకా వదల్లేదన్నమాట అన్నాడు.

దారిలో చాచా చాయ్ ఇప్పించాడు. “బిడ్డా, నీ బాపు సుత మనలెక్కనే ఉన్నడు. ఇన్నేండ్లు ఫరిష్తా, దేవదూత అనుకొని జెర దూరం కూసున్న” అన్నాడు. నాన్న నవ్వాడు. ఇంటికి వచ్చి సంగతి చెబితే అమ్మ చాలాసేపు నమ్మలేదు. నమ్మిన తర్వాత, చదువు విలువ నాకు తెలియదా, నాకొక మాట చెప్తే నేనూ అబద్ధమాడకపోదునా అని మళ్ళీ పోట్లాడింది. ‘మీరు’కు మాత్రం తిరిగి వచ్చింది.

పాస్‌పోర్టు ఓడకు తొమ్మిది రోజుల ముందు చేతికి వచ్చింది. బొంబాయి రైలు దగ్గర అమ్మ సంచి నా మెడలో వేసి, పట్టీని రెండుసార్లు లాగి చూసింది. నాన్న ప్లాట్‌ఫారం మీద నిలబడి, నేను ఇంగ్లండులో దిగేదాకా పట్టే రోజులను తేదీలతో సహా వేళ్ళ మీద లెక్కపెడుతూ ఉండిపోయాడు. నేను కిటికీలోంచి ఆయన చెయ్యి పట్టుకుని, ఆ రోజు అన్న మాటలకు క్షమించమని అడిగాను. రైలు కూతకు వినపడలేదన్నాడు. ఆ కూత నేను అడిగిన తర్వాత వచ్చింది.

తర్వాత కూడా మా అరుగు మీద పెన్షనుదారులు తగ్గలేదని అమ్మ రాయించేది. తేదీ చెప్పి, ఎందుకైనా మంచిది ఇంకొకరితో కూడా చూపించుకోండి అని నాన్న ఇప్పుడు ఒక మాట కలుపుతున్నాడట. కొన్నాళ్ళకు ఫసలీ లెక్కే ఊళ్ళోంచి పోయింది. నాన్న మాత్రం బతికినంత కాలం ప్రతి ఉత్తరం మీద రెండు తేదీలూ వేశాడు.

నేను వెళ్ళిన ఏడాది డిసెంబరులో, హాస్టల్లో నా మొదటి పుట్టినరోజున, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆయన ఉత్తరం వచ్చింది. మెట్ల మీదే కూర్చుని విప్పాను. అమ్మ కుశలం, చాచా కుశలం, పెరట్లో చెట్ల కుశలం అన్నీ రాసి, కింద ఇలా రాశాడు:

“ఇవాళ్టితో నీకు ఇరవై నాలుగు నిండాయి. డిసెంబరు కనుక ఐదువందల తొంభై. రెండుసార్లు సరిచూశాను.”